ఏకాదశి నాడు తాగిన నీళ్ళు

మా అత్తగారికి నీళ్ళంటే పడదు. స్నానానికి, గిన్నెలకి, వంటింటి గట్టు కడగడానికి కావలసినన్ని వాడతారు. తాగడం దగ్గరే పేచీ. పొద్దున్న ఒక కాఫీ, మధ్యాహ్నం అన్నంలోకి మజ్జిగ, సాయంత్రం ఇంకో కాఫీ. అంతకు మించి గొంతులోకి ఏదైనా దిగిందంటే అది పొరపాటున దిగినట్టే. కాకినాడలో ఉన్నన్నాళ్ళూ, బయటికి వెళితే బాత్‌రూమ్ దొరకదని తాగేవారు కాదు. సింగపూర్‌లో ఎక్కడికి వెళ్ళినా బాత్‌రూమ్ ఉంటుందని నేను ధైర్యం చెబితే, "ఉంటే మాత్రం? ఉన్న ప్రతిదానికీ వెళ్ళి రావాలా ఏవిటండీ?" అన్నారు. 

మామగారు పోయాక ఆవిడ బిషాన్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చేశారు. వచ్చిన రెండో ఏడు ఎండ మరీ ముదిరింది. ఇక్కడ ఎండాకాలమని విడిగా ఒకటి ఉండదు, ఏడాది పొడుగునా ఉక్కపోతే. కానీ ఆ ఏడు తెల్లవారుజామున కూడా గోడలు వెచ్చగానే ఉండేవి. ఒక రోజు మార్కెట్ నుంచి వస్తూ అత్తగారు మా బ్లాక్ కింద లిఫ్ట్ ముందు కళ్ళు తిరిగి కూలబడ్డారు. క్లినిక్‌లో చిన్న వయసు చైనీస్ డాక్టరమ్మ పరీక్షలు చేసి, ఒంట్లో నీరు లేదనీ, ఇలాగే ఉంటే కిడ్నీలు పాడవుతాయనీ, దాహం వేసినా వేయకపోయినా గంటకోసారి నీళ్ళు తాగాలనీ చెప్పింది. నేను తెలుగులో వివరించాను. అత్తగారు శ్రద్ధగా అంతా విని, "ఈ పిల్లకి పెళ్ళయిందేమో కనుక్కోండి అల్లుడుగారూ" అన్నారు.

నేనూ మా ఆవిడా పొద్దున్నే ఉద్యోగాలకి పోతాం. పదమూడేళ్ళ మా పాప బడి నుంచి వచ్చి, "అమ్మమ్మా, డ్రింక్ లా" అని సింగపూర్ యాసలో ఒక్క మాట పడేసి గదిలోకి పోతుంది. తన బాధ్యత అంతటితో తీరినట్టు. అందుకని ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషి కోసం ఏజెన్సీలో అడిగాం. మయన్మార్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మయన్మార్ అనే దేశం ఉందని అత్తగారు ఒప్పుకోలేదు. "బర్మా అనండి. మా తాతగారు రంగంలో బియ్యం మిల్లులో చేశారు" అన్నారు. రంగూన్‌ని ఆవిడ కాలం వాళ్ళు అలాగే అనేవారు. ఆ రోజు నుంచి ఆ అమ్మాయిని సొంత మనిషిలా చూసుకోవడం మొదలుపెట్టారు. అంటే తిట్టడం మొదలుపెట్టారు.

అత్తగారికి ఇంగ్లీషు రాదు. నేర్చుకునే ఉద్దేశం కూడా లేదు. కాబట్టి బర్మా అమ్మాయే తెలుగు నేర్చుకుంది. ఏడాది తిరక్కుండా మా పాప కన్నా నయంగా మాట్లాడసాగింది. నూనె చిందితే "ఓరి నాయనో" అనేది. చింతపండు తక్కువైతే మొహం చిట్లించేది. అయితే అన్నిటికన్నా ముందు ఆ అమ్మాయి నేర్చుకున్న వాక్యం "అమ్మమ్మా, నీళ్ళు తాగండి". మేము జీతమిచ్చి చేయించుకున్న పనుల్లో అది ముఖ్యమైనది.

గంటకోసారి గ్లాసు తెచ్చి ఇచ్చేది. అత్తగారు పేచీ పెట్టకుండా అందుకునేవారు. "కాస్త గాలి పోసుకుని వస్తానే" అని గ్లాసు పట్టుకుని కారిడార్‌లోకి వెళ్ళేవారు. ఖాళీ గ్లాసుతో వచ్చేవారు. కారిడార్‌లో కుండీలో మా కరివేపాకు మొక్క ఉంది. అది ఆ ఏడు నా ఎత్తుకి పెరిగింది. పక్కింటి తమిళ ఆంటీ వచ్చి ఏం ఎరువు వేస్తున్నారని అడిగింది. అత్తగారు నవ్వి, "చేతి చలవమ్మా" అన్నారు. సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. డాక్టరమ్మకి మాత్రం బాగా తాగుతున్నారని చెబుతూ వచ్చాం.

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి, ఇందులో దానికీ కాస్త పాత్ర ఉంది. బిషాన్‌లో రైలెక్కి, మధ్యలో లైను మారి, ఎక్స్‌పో స్టేషన్‌లో దిగి, చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసుకి వెళతాను. ఎండలు, వరదలు, వాటి వెనకే వచ్చే జబ్బులు పెరిగితే మా బ్యాంకుకి ఎక్కడెక్కడ చిక్కు వస్తుందో చెప్పే టీములో ఉన్నాను. జనానికి ఏమవుతుందో చెప్పే టీము వేరే ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు. మేము ఆసియా మ్యాపు ఒకటి తయారుచేస్తాం. ప్రమాదం తక్కువైన చోట పసుపు, ఎక్కువైన చోట ముదురు ఎరుపు. కొన్ని చోట్ల బూడిద రంగు. బూడిద రంగంటే లెక్కలు లేవని అర్థం. ఆస్పత్రి ఉన్న చోట రోగుల లెక్క ఉంటుంది. యుద్ధంలో ఆస్పత్రి పోయిన చోట లెక్క రాసేవాళ్ళుండరు. మా మ్యాపు వరకూ అక్కడెవరికీ జబ్బు చేయనట్టే.

ఒకసారి నేను ఇంటి నుంచి పనిచేస్తుంటే బర్మా అమ్మాయి కాఫీ తెచ్చి, స్క్రీన్ మీద ఆ మ్యాపు చూసింది. బూడిద రంగు మీద వేలు పెట్టి, "సర్, మా ఊరు ఇక్కడ. కలర్ వేయలేదు?" అంది. డేటా రాలేదని చెప్పాను. "ఓ" అంది. కప్పు కింద తడి తుడిచి వెళ్ళిపోయింది.

వాళ్ళ ఊరు సరిహద్దు కొండల్లో. భర్త ఎక్కడున్నాడో తనకి తెలియదట. ఆ మాట మేము రెండోసారి అడగలేదు. నాలుగేళ్ళ కూతురుంది. దాన్ని వాళ్ళమ్మ పెంచుతోంది. కాల్పులు దగ్గరికి వచ్చాక ఊరు ఊరంతా ఖాళీ చేసి, వాగు వెంట పైకి పోయి టార్పాలిన్ల కింద ఉంటున్నారు. కింద లోయలో ఒక క్లినిక్ ఉండేది. ఇప్పుడు పైకప్పూ లేదు, నర్సూ లేదు. ఇవన్నీ ఆ అమ్మాయి కూరగాయలు తరుగుతూ అత్తగారికి చెప్పేది. హాల్లో కూర్చున్న నాకు వినిపించేవి.

"ముందు ఇలా లేదు అమ్మమ్మా. వాన వచ్చే నెల తెలుసు. ఇప్పుడు తెలియదు. ఎండ వస్తే వాగు లేదు, ఇసక తవ్వి నీళ్ళు. టార్పాలిన్ కింద పొయ్యి లాగా. ముసలివాళ్ళు పోయారు. వాన వస్తే మొత్తం ఒక్కసారి వస్తుంది, దొడ్డికెళ్ళే చోటు, తాగే చోటు, ఒకటే నీళ్ళు."

"మరి కాచుకుని తాగొచ్చు కదే?"

"కట్టెలు తడి అమ్మమ్మా."

అత్తగారు బెండకాయలు అంత లావుగా తరగొద్దని అరిచారు.

అక్కడ ఫోను పనిచేయదు. పక్క దేశపు టవర్ సిగ్నల్ ఒక గుట్ట మీద కాస్త అందుతుందట. ఆ అమ్మాయి తమ్ముడు వీలైనప్పుడు ఆ గుట్ట ఎక్కి ఫోను చేస్తాడు. ఎప్పుడు చేస్తాడో అతనికే తెలియదు. అందుకని ఆ అమ్మాయి ఫోను ఎప్పుడూ మిక్సీ పక్కనే ఉండేది. మొదట్లో మా ఆవిడ పనివేళల్లో ఫోనేమిటని గొణిగింది. "ఫోను రావడానికి ముహూర్తం చూసుకోవాలా? ఊరుకోవే" అని అత్తగారు కూతుర్ని కసిరారు. ఆ విషయం అక్కడితో తేలిపోయింది.

తొలి ఏకాదశి నాడు ఆ ఫోను మోగింది.

ఏకాదశికి అత్తగారు చేసేది కటిక ఉపవాసం. పళ్ళూ పాలూ తీసుకునే ఉపవాసాల మీద ఆవిడకి గౌరవం లేదు. తెల్లారి లేచింది మొదలు మర్నాడు ద్వాదశి పూజ అయ్యేవరకూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. నీళ్ళు ముట్టకపోవడం ఆవిడకి పెద్ద కష్టమేమీ కాదు గాని, ఆ రోజు పుణ్యం కూడా కలిసొస్తుంది. చిన్నప్పటి నుంచీ ఒక్కసారి కూడా తప్పలేదని చెప్పుకునేవారు. క్లినిక్‌కి వెళ్ళి వచ్చాక మా ఆవిడ బతిమాలింది, ఏడ్చింది, మాట్లాడడం మానేసింది. ఏదీ పారలేదు. ఆ పొద్దున్న కూడా అమ్మాకూతుళ్ళిద్దరికీ పెద్ద గొడవైంది. మా ఆవిడ తలుపు దడాలున వేసి ఆఫీసుకి వెళ్ళింది. నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. గొడవలో ఎటు వైపూ ఉండకుండా ఉండడంలో నాకు చాలా అనుభవం ఉంది.

మధ్యాహ్నం వంటింట్లోంచి బర్మా అమ్మాయి గొంతు పెద్దగా వినిపించింది. ఆ అమ్మాయి గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. వెళ్ళి చూస్తే ఫోను రెండు చేతులతో పట్టుకుని వాళ్ళ భాషలో అరుస్తోంది. తెర మీద వాన, ప్లాస్టిక్ పట్టా, దాని కింద తమ్ముడితో పాటు గుట్ట ఎక్కి వచ్చిన ఒక ముసలావిడ. ఆవిడ ఒళ్ళో పిల్ల. పిల్ల కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. తల ఎటు వాలిస్తే అటు వాలుతోంది. నాకు భయం వేసింది.

"విరోచనాలు సర్. నిన్నటి నుంచి. నీళ్ళలాగా. అమ్మ నీళ్ళు ఇవ్వడం లేదు. నీళ్ళే పోతున్నాయి, మళ్ళీ నీళ్ళు పోస్తే ఇంకా పోతాయి అంటుంది."

నేను వెంటనే ఓఆర్ఎస్ ప్యాకెట్ అన్నాను. దారిలో సైనికులు మందులన్నీ లాక్కుంటారని, ప్యాకెట్లు లేవని చెప్పింది. డాక్టర్ అన్నాను. చెప్పాక నాకే సిగ్గేసింది. ఉప్పూ తాటిబెల్లం మాత్రం ఉన్నాయట. నేను ఫోనులో వెతికాను. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. పంచదారకి బదులు బెల్లం వాడొచ్చు. బర్మా అమ్మాయి చెప్పింది. తమ్ముడు తల ఊపాడు. ముసలావిడ ఊపలేదు. ఏదో అని మొహం తిప్పుకుంది.

"ఏవంటుందే?" వెనక నుంచి అత్తగారు. ఎప్పుడు లేచి వచ్చారో గమనించలేదు.

"నేను చిన్న పిల్లనట. పట్నం వెళ్ళి తెలివి ఎక్కువైందట. సర్ మగవాడు, ఆయనకి పిల్లల సంగతి తెలియదట."

"ఆఖరిది నిజమే" అన్నారు అత్తగారు. ఫోను కేసి కాసేపు చూశారు. "మా తమ్ముడికీ ఇలాగే నీళ్ళు ఆపేశారు. తుపాను వెళ్ళాక ఊరంతా కలరా వచ్చింది. దాహం దాహం అని వాడు మూల్గుతుంటే కుండ ఎత్తి అటక మీద పెట్టారు. నేనే అందించాను కుండ."

మా పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. అత్తగారికి ఒక తమ్ముడు ఉండేవాడని నాకు అప్పుడే తెలిసింది. సాయంత్రం అడిగితే మా ఆవిడకి కూడా తెలియదంది.

ఆవిడ వంటింటి గట్టు మీద సీసాలో కొలిచి, కాచిన నీళ్ళు జగ్గులో పోశారు. చెంచాతో బెల్లం పొడి, ఉప్పు వేసి కలిపారు. బర్మా అమ్మాయి చేత ఫోను మిక్సీకి ఆనించి పెట్టించి, దాని ముందు స్టూలు లాక్కుని కూర్చున్నారు. గ్లాసూ చెంచా చేతిలోకి తీసుకున్నారు.

"అత్తయ్యగారూ, ఇవాళ ఏకాదశి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు.

"మళ్ళీ వస్తుంది లెండి. ఎక్కడికీ పోదు."

ముందు చెంచా ఎత్తి ఫోనుకి చూపించారు. ఒక్క చెంచా నోట్లో పోసుకుని మింగారు. కాస్త ఆగి ఇంకొకటి. "ఇలాగ. పిల్లకి. కొంచెం కొంచెం. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ. చెప్పవే" అన్నారు. బర్మా అమ్మాయి చెప్పింది. అవతలావిడ ఇటు తిరిగింది. ఏదో అడిగింది.

"అమ్మమ్మకి వయసు ఎంత అని అడుగుతుంది."

ఇద్దరి వయసులూ అటూ ఇటూ చెప్పుకున్నారు. మా అత్తగారు మూడేళ్ళు పెద్ద అని తేలింది. అవతలావిడ పట్టా సర్దుకుని కాస్త నిటారుగా కూర్చుంది. అప్పటిదాకా బిగుసుకుని ఉన్నది, రెండు చేతులూ కలిపి నుదుటికి ఆనించింది. మా అత్తగారు కూడా దండం పెట్టి, చెంచా పక్కన పడేసి, గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు. జగ్గులోంచి మళ్ళీ పోసుకుని తాగారు. ఆవిడ అన్ని నీళ్ళు తాగడం నేనెన్నడూ చూడలేదు. గొంతులోంచి నీళ్ళు దిగుతుంటే మొహం కషాయం తాగుతున్నట్టు పెట్టారు, కానీ ఆపలేదు.

మూడో గ్లాసులో ఉండగా తెర మీద బొమ్మ ఆగిపోయింది. వాన చినుకు ఒకటి గాలిలోనే నిలబడింది. ముసలావిడ మొహం మా అత్తగారి గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయింది. సిగ్నల్ పోయిందని నాకూ బర్మా అమ్మాయికీ తెలుసు. అత్తగారు తాగుతూనే ఉన్నారు. మేమిద్దరం చెప్పలేదు. జగ్గు ఖాళీ అయ్యాక ఆవిడే చూసి, "చూసిందంటావా?" అని అడిగారు.

"చూసింది అమ్మమ్మా."

సాయంత్రం మా ఆవిడ వచ్చి, అమ్మ నీళ్ళు తాగిందని విని, పూజగదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. దండం పెట్టుకోవడానికో క్షమించమని అడగడానికో నేను అడగలేదు.

ఆ తరవాత ఫోను మోగలేదు. బర్మా అమ్మాయి ఇల్లంతా కడిగింది. కిటికీలు, ఫ్యాన్ రెక్కలు, షూ రాక్ వెనకాల గోడ, అన్నీ. అవి మురికిగా ఉన్నాయని కాదు. గ్లాసు తెచ్చి "అమ్మమ్మా, నీళ్ళు తాగండి" అనడం మాత్రం మానలేదు. అత్తగారు గ్లాసు పుచ్చుకుని ఎప్పటిలాగే కారిడార్‌లోకి వెళ్ళేవారు. ఆ ఒక్క రోజుతో ఆవిడ మారిపోయారని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

ఆఫీసులో మా పైఅధికారి మ్యాపు చూసి, అంతా బాగుంది గాని బూడిద రంగు చూడ్డానికి బాగాలేదన్నాడు. ఏదో దాచినట్టు ఉందట. లేత గోధుమ రంగు వేస్తే మెత్తగా ఉంటుందట. నాకు ఒళ్ళు మండింది. అక్కడ నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఉంది, బతికుందో లేదో తెలియదు, దానికి ఏ రంగు వేయమంటారు అని అడుగుదామనుకున్నాను. ఆ ప్రాంతంలో మన బ్యాంకుకి ఏమైనా ఇబ్బంది ఉందా అని ఆయనే అడిగాడు. ఏమీ లేదన్నాను. అది నిజం. లేత గోధుమ రంగు వేశాను. నిజంగానే మెత్తగా కనిపించింది.

ఆ ఆదివారం అందరం ఇంట్లోనే ఉన్నాం. పెసరట్లు పోస్తుండగా ఫోను మోగింది. బర్మా అమ్మాయి చెయ్యి పిండిలోంచి తీసి అలాగే ఫోను ఎత్తింది. ఈసారి బొమ్మ లేదు, తమ్ముడి గొంతు ఒకటే. ఆ అమ్మాయి చాలాసేపు విన్నది.  ఒకసారి నవ్వింది కూడా, అది నేను చూశాను. తరవాత స్టవ్ ఆపి, కింద కూర్చుంది.

"ఏవయిందే? పిల్ల ఎలా ఉంది?" అత్తగారు హాల్లోంచే అడిగారు.

"పాప బాగుంది అమ్మమ్మా. పరుగెడుతుందట. అన్నం అడుగుతుందట."

"హమ్మయ్య" అన్నారు అత్తగారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మ లేదు" అంది ఆ అమ్మాయి.

అర్థం కావడానికి మాకు కాస్త సమయం పట్టింది. తెలిసిన తెలుగు మాటల్లో వెతుక్కుంటూ చెప్పింది. గుట్ట దిగినప్పటి నుంచీ వాళ్ళమ్మ నిద్ర లేకుండా పిల్లకి చెంచాతో పట్టిందట, అచ్చం అమ్మమ్మ చూపించినట్టే. తరవాత తనకీ ఆ రోగమే పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. తడి కట్టెలతో రోజుకి కాగేవి కాసిని నీళ్ళు. అవి పిల్లకని పక్కన పెట్టేసింది. తమ్ముడు గ్లాసు నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించి, పిల్లకి పొయ్యమందట.

అత్తగారు లేచి వంటింట్లోకి వచ్చారు. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"అదేవిటే? నేను తాగాను కదే?" అన్నారు. "చెంచా పిల్లకి. గ్లాసు నేను తాగాను కదా, ఆవిడ ముందే కూర్చుని, జగ్గంతా. ముసలిదాన్ని నేను తాగి చూపించాను కదే. నీక్కూడా అని మీ అమ్మకి చెప్పలేదా?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. చెప్పలేదు. చెప్పమని ఆవిడా అనలేదు. ఎవరికీ తట్టలేదు. నాకైతే అసలే తట్టలేదు.

"చూసింది కదే. చూస్తూనే ఉంది కదే నాకేసి" అని అత్తగారు అన్నారు. తరవాత ఏడ్చారు. మామగారు పోయినప్పుడు కూడా మా ఎదట ఏడవని మనిషి, గుమ్మంలో నిలబడి గట్టిగా, కోపంగా ఏడ్చారు. మా పాప గదిలోంచి వచ్చి, అమ్మమ్మ నడుం చుట్టూ చేతులు వేసి నిలబడింది.

కాసేపటికి అత్తగారు పైటతో మొహం తుడుచుకుని, కింద కూర్చున్న అమ్మాయి పక్కన తనూ కూలబడ్డారు. ఆవిడ మోకాళ్ళకి అది చిన్న పని కాదు. రెండు గ్లాసులతో నీళ్ళు ఇమ్మని నన్ను అడిగారు. ఇచ్చాను. ఒకటి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "తాగు" అన్నారు. ఆ అమ్మాయి తాగేదాకా చూసి, రెండోది తను తాగారు. కారిడార్‌కి వెళ్ళలేదు.

ఆ రోజు తరవాత మా ఇంట్లో అత్తగారిని నీళ్ళు తాగమని ఎవరూ అడగవలసిన అవసరం రాలేదు. కరివేపాకు మొక్కకి నేను విడిగా పోస్తున్నాను.